దాదా అంటే

ఇప్పుడా చెప్పడం! ఇంకాసేపట్లో స్టేజీ ఎక్కాలి, ముందు వరసలో పోలీసు పెద్దసారు భార్యతో సహా వచ్చి కూర్చున్నాడు, జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె దొరక్క వాలంటీర్లు పరుగులు పెడుతున్నారు, ఈ లక్కే మాత్రం మేకప్ గదిలో బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "పాత మాటలు పాడ పంతులమ్మా, బుధ్రా పేరు వెట్టి పాడుత," అంటోంది. అనేసి కొంగుతో మెడ తుడుచుకుని గోడ మీద బల్లిని చూస్తోంది. నా పై ప్రాణం పైనే పోయింది. గదిలో ఫ్యాను లేదు, కిటికీ తెరిస్తే కొండ మీంచి ఎర్రదుమ్ము, మూస్తే ఉక్క. ఈ ఇనపగనుల కిరండుల్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఆ దుమ్ము నాకేం కొత్త కాదు, మా అమ్మ ఇక్కడికొచ్చిన ఏడాదే తెల్లచీరలు కొనడం మానేసి నాన్న రిటైరయ్యేదాకా మళ్ళీ కొనలేదు. ఈవిణ్ణి తెచ్చింది నేనే. దోర్నపాల్ నుంచి సుక్మా, తోంగ్‌పాల్, జగదల్‌పూర్ చుట్టూ తిప్పి, బస్సులు మార్పించి, పెద్దవాళ్ళొచ్చి వింటారు రావే అని ఫోనులో బతిమాలి నేనే రప్పించాను. పెద్దవాళ్ళు వింటారు అన్న మాట నేను ఏదో ఊరించడానికి అన్నాను. ఆవిడ ఆ ఒక్క మాట కోసమే వచ్చిందని ఇప్పుడు తెలిసింది.

హాల్లో మైకు వాడు హలో హలో అంటున్నాడు. స్టేజీ మీద పెద్ద బ్యానరు, విశ్వవిద్యాలయం కళలు, మానవీయ శాస్త్రాల కేంద్రం, అందరికీ ఆహ్వానం, ప్రవేశం ఉచితం, దాని కింద ఇంత లావు హిందీ అక్షరాల్లో ‘పురఖోం కే గీత్’, పూర్వీకుల పాటలు. పూర్వీకులట. ఆ పూర్వీకులు ఎక్కడ పుట్టారో నాకు బాగా తెలుసు, నా ఫోనులో పుట్టారు. దోర్నపాల్ బడిలో నేను హిందీ చెప్పే రోజుల్లో లక్కే మధ్యాహ్నం వంట చేసేది, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ పాడేది, పిల్లలు లెక్కలు మానేసి ఆ పాటే వినేవాళ్ళు, నేనూ వినేదాన్ని. వరికోతల్లో వాళ్ళ దోర్ల ఆడవాళ్ళు పాడే పాట. అత్తారింట్లో ఉన్న చెల్లెలు అన్నని అడుగుతుంది, వానలు వెనకబట్టాక వస్తానన్నావు, దారి చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి, ఎప్పుడొస్తావు దాదా అని. అదొకసారి ఫోనులో పట్టి సత్యమూర్తిగారికి పంపాను, ఈ కేంద్రానికి డైరెక్టరాయన. పాట కింద ‘దాదా పాట’ అని హిందీ అక్షరాల్లో రాశాను, ఆఫీసులో అందరికీ తెలియాలని. తెలిసింది మహానుభావులకి! హిందీలో దాదా అంటే తాత. తాత పాట కాస్తా తాతముత్తాతల పాట అయింది, అందులోంచి పూర్వీకుల స్తుతి వచ్చింది, స్తుతి చుట్టూ ఒక సాయంత్రం కట్టారు, ఉపన్యాసానికి రాయపూర్ నుంచి ఒకాయన్ని పిలిచారు. ఆహ్వానపత్రిక చూసిన రోజే ఫోను చేశాను. ప్రింటు అయిపోయింది మేడమ్ అన్నాడు ఆఫీసు వాడు, ఏదో ఒకటి మీరు స్టేజీ మీద సర్దేయండి అన్నాడు. సర్దడం నా పని. ఆవిడ వాళ్ళ దోర్లీ భాషలో పాడితే, బడిపిల్లల దగ్గర నేర్చుకున్నదాన్ని కాబట్టి, హిందీలో చెప్పడం నా పని. తాతకైనా అన్నకైనా పాట పాటే కదా, ఇందులో కొంపలు మునిగేదేముందిలే అని నవ్వుకున్నాను కూడా.

లక్కే వాళ్ళ భాషలో దాదా అంటే అన్న. ఆ పక్కన హల్బీ మాట్లాడేవాళ్ళకీ అన్నే. మా టౌన్‌షిప్‌లో బెంగాలీ ఇంజనీరుగారిని గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి జనరల్ మేనేజరు దాకా అందరూ దాదా అంటారు, ఆయన చేపలు కొంటున్నప్పుడు కూడా ఎవడూ ఆయన్ని అనుమానంగా చూడలేదు. అదే మాట దోర్నపాల్ రోడ్డు మీద అని చూడండి. అక్కడ దాదాలు అంటే అడవిలో తుపాకులు పట్టుకుని తిరిగేవాళ్ళు. పోనీ తెలుగులోకి పారిపోదామంటే అక్కడా అదే గోడ, భద్రాచలం వైపు ఆ అడవిలోవాళ్ళనే అన్నలంటారు. తోడబుట్టినవాణ్ణి పిలవడానికి ఉన్న ఒక్క మాటనీ రెండు భాషల్లోనూ ఎవరో పట్టుకుపోయారు. చిన్నప్పుడు విజయనగరం వెళ్ళేటప్పుడు మా చక్రధర్ అన్నయ్య నీళ్ళ కోసం ఏదో స్టేషన్లో దిగాడు, ఇనపరాయి బండి దాటడం కోసం మా పాసింజరు ఎంతకీ కదలదు, వాడు ఎంతకీ రాడు, నేను కిటికీ ఊచలు పట్టుకుని అన్నా అన్నా అని గొంతు చించుకుంటుంటే అమ్మ నా నోరు మూసింది, ఎదురు సీట్లో తుపాకులతో పోలీసులు కూర్చుని ఉన్నారు. ‘అన్నయ్య అనవే, అన్నయ్య అని ఏడు,’ అంది చెవిలో. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ ‘య్య’ లేకుండా ఎవరూ పిలవలేదు. బండి కదిలాక వాడు పక్క పెట్టెలోంచి ఈలవేస్తూ వచ్చాడు, దెబ్బలు మాత్రం నాకు పడ్డాయి. లక్కేకి అలాంటి తోక ఏదీ లేదు. దాదా అనే పిలవాలి.

లక్కే అన్న బుధ్రా నాకు తెలుసు. తెలియకపోతే బాగుండును. బడి పైకప్పు రేకు గాలికి లేచిపోతే ఎవరూ అడక్కుండానే ఎక్కి తాడుతో కట్టిన మనిషి, కట్టి దిగి, టీ ఇస్తే చక్కెర ఎక్కువైందని పారబోసి మళ్ళీ అడిగిన మనిషి. చెల్లెలంటే ప్రాణం అనడానికి నేను కళ్ళారా చూసిందేమీ లేదు, ఇద్దరూ ఎప్పుడూ పోట్లాడుకునేవాళ్ళు, నువ్వు వండేది పిల్లలు తింటున్నారంటే వాళ్ళకి దండం పెట్టాలి అనేవాడు. ఒకరోజు చింతపండు గంప నెత్తిన పెట్టుకుని దోర్నపాల్ సంతకి వెళ్ళాడు. సంతలో ఉప్పు కొన్నాడని ఉప్పు అమ్మిన ఆమె చెప్పింది. ఆ తర్వాత ఎవరో నలుగురు వచ్చి బండి ఎక్కించుకుపోయారు, యూనిఫారం లేదు, బండికి నంబరు లేదు. గంప ఇల్లు చేరింది, ఎవరో తెచ్చి గుమ్మంలో పెట్టి పోయారు. లక్కే తిరగని చోటు లేదు. పోలీసు క్యాంపుకి పోతే అడవి లోపలివాళ్ళు పట్టుకుపోయి ఉంటారు అన్నారు, అడవిలోకి కబురు పంపితే క్యాంపువాళ్ళనే అడగమన్నారు. బడి మూసేశారు, నాకు కిరండుల్ బదిలీ అయింది, సామాను సర్దుకుని వచ్చేశాను. అప్పట్నుంచి ఫోనులో మాట్లాడినప్పుడల్లా ఆవిడ అడిగేది ఒకటే, రాయి సంగతి. వాళ్ళలో మనిషి పోతే ఊరి బయట రాయి పాతుతారు, కల్లు పోసి పేరు పెట్టి పిలుస్తారు, అప్పుడు గానీ వాడు పెద్దల్లో కలవడు. ఇందాక బల్లి వంక చూస్తూ కూడా అదే అంది. "బతికుండంగ పాతితె నేనే సంపినట్టు. సచ్చినంక పాతకుంటె ఆడు యాడ తిరుగుతడు? ఏందైతదో ఎవలు చెప్పాలె నాకు? ఆ ముందల కూసున్న పెద్దాయనకు తెల్వదా? తెలిసే ఉంటది. పాటల అడుగుత. ఉత్తగ అడిగితె ఎల్లగొట్టిన్రు, పాటనైతె మొత్తం వినాలె గద."

పాటనైతే మొత్తం వినాలి. ఈ మాట వినగానే సత్యమూర్తిగారి కోసం పరిగెత్తాను. ఆయన వరండాలో శాలువాలు సర్దిస్తున్నాడు, ఎవరికి ఏ రంగు అని. రాజమండ్రి మనిషి, మెత్తటి మనిషి, ఈ ఎర్రదుమ్ములో కూడా ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయన్ని నేను ఎగతాళి చేయలేను. ఇనపరాయి తప్ప ఇంకేదీ పట్టని ఈ టౌన్‌షిప్‌కి కవిత్వాన్ని తెచ్చింది ఆయనే, పక్కనున్న బచేలీలో చరిత్ర మీద ఉపన్యాసం పెడితే నేనూ, మా పక్కింటి ఆవిడా, నిద్రపోతున్న క్లబ్బు సెక్రటరీ, ముగ్గురమే ఉన్నా ఆయన నిండు సభలో మాట్లాడినట్టే మాట్లాడాడు. పోయినసారి రాతి బొమ్మల ఫొటోలు పెట్టినప్పుడు మంగ్లీ అని మా వీధి ఊడ్చే ఆమె లోపలికి రావాలా వద్దా అని గుమ్మంలో నిలబడితే, రండమ్మా ఇది మీకోసమే అని చేయి పట్టుకుని తీసుకెళ్ళాడు. అట్లాంటి మనిషికి నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను, సార్ దాదా అంటే తాత కాదు.

"మరి?"

"అన్న సార్."

ఆయన చేతిలో శాలువా అలాగే ఉండిపోయింది. చుట్టూ చూశాడు. గొంతు తగ్గించి, "అన్న అంటే... ఆ అన్నలా అండీ?" అన్నాడు.

"సొంత అన్న సార్. తోడబుట్టినవాడు. సంతలో ఎవరో పట్టుకుపోయారు. ఆ సంగతి పాటలో అడుగుతుందట."

ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. "గంగారత్నంగారూ, ఆవిడ ఇక్కణ్ణుంచి మళ్ళీ దోర్నపాల్ బస్సెక్కాలండి. మనం ఎక్కం. ఆవిడ ఎక్కాలి. ముందు వరసలో ఎవరున్నారో చూశారుగా. దాదా నా దాదా అని ఆవిడ ఏడిస్తే, రేపు ఆ ఊరికి ఎవరు వెళ్తారో, ఏమని అడుగుతారో, మీరు నేను ఆపగలమా? పాడనివ్వండి. ఆవిడ నోరు మనం మూయొద్దు. దోర్లీ ఎవరికి తెలుసు ఇక్కడ? మీరు మాత్రం..." అని ఆగి, నా వైపు చూడకుండా శాలువాతో చెప్పాడు, "ఈ పూటకి తాత అనండి."

కోపం రావలసింది. రాలేదు, అందుకే నాకు భయం వేసింది. ఆయన చెప్పింది నిజమే. నిజమే కాబట్టి ఇంకా ఏమీ తోచలేదు. వచ్చేటప్పుడు తోంగ్‌పాల్ దగ్గర పోలీసులు బస్సు ఆపి అందర్నీ దింపారట, ఎక్కడికి పోతున్నావంటే పాట పాడటానికి అందట లక్కే, పాడు చూద్దాం అన్నారట, అక్కడే రోడ్డు మీద ఒక చరణం పాడిందట, నవ్వి పంపేశారట. అది నాకు చెబుతూ తనూ నవ్వింది. నేను నవ్వలేదు. రేపు అదే చోట అదే బస్సు ఆపుతారు, అప్పటికి ఎవరి చెల్లెలో తెలిసి ఉంటుంది.

ఇప్పుడు కర్టెను పక్కన నిలబడ్డాం ఇద్దరం. వాలంటీరు పిల్ల ఒకతె ఈకల కిరీటం ఒకటి తెచ్చి లక్కే తలకి పెట్టబోయింది, ట్రైబల్ లుక్ అట, లక్కే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది ఇది? మాది కాదు," అని తిరిగి ఇచ్చేసింది. పసుపు పాలియెస్టరు చీర కట్టుకుంది, దోర్నపాల్‌లో కొన్నదే, మెడలో పూసలు. ఆవిడకి నలభై నిండి ఉంటాయో లేదో, ఆహ్వానపత్రికలో మాత్రం వృద్ధ గాయని అని వేశారు, పూర్వీకులకి దగ్గరగా ఉంటుందని కాబోలు. స్టేజీ మీద రాయపూర్ ఆయన దో శబ్ద్ అన్నాడు, రెండు ముక్కలు అన్నవాడు ఎవడూ రెండు ముక్కలతో ఆగినట్టు నేను నా జన్మలో చూడలేదు. ఆదిమ మానవుడు అన్నాడు, స్మృతి అన్నాడు, చనిపోయినవారు మన మధ్యే ఉన్నారు అన్నాడు. పోలీసు సారు చేతులు కట్టుకుని వింటున్నాడు. సన్నటి మీసం, తెల్ల చొక్కా, మామూలు మనిషిలాగే ఉన్నాడు, భార్య చెవిలో ఏదో చెప్పి నవ్వించాడు. ఆయన మొహంలో ఏమైనా కనబడుతుందేమోనని వెతుకుతున్నాను, ఇతనికి తెలుసా, తెలిస్తే చెబుతాడా, చెబితే లక్కే ఏమవుతుంది, చెప్పకపోతే ఏమవుతుంది. ఆయన పక్కనే మా చక్రధర్ అన్నయ్య. హాలు ఇప్పించింది వాడే, కంపెనీలో పెద్ద ఉద్యోగం, నీకెందుకే రత్నం ఈ పాటలూ పద్యాలూ అంటూనే కుర్చీలకీ టీకీ చెప్పి పెడతాడు. వాడు నన్ను చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు. నాకు అన్న ఉన్నాడు, అదిగో రెండో కుర్చీలో, పిలిస్తే పలుకుతాడు, పిలవకపోయినా వస్తాడు, షుగరుకి మాత్రలు వేసుకున్నావా అని రోజూ ఫోను చేసి తిడతాడు. వాడు ఒక సాయంత్రం రాకపోతే నేనేం చేసేదాన్ని. ఎవర్ని ఏ భాషలో అడిగేదాన్ని.

గనిలో బ్లాస్టింగు సైరను మోగింది. టౌన్‌షిప్ వాళ్ళు ఎవరూ కదల్లేదు, రాయపూర్ ఆయన మాత్రం మాట మధ్యలో ఆగాడు. కొండ మీద దబ్బుమంది, కిటికీ అద్దాలు చిన్నగా వణికాయి. ఆయన గబగబా ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాడు. లక్కే పేరు పిలిచారు. ఆవిడే నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళింది.

మైకు ఆవిడకి వద్దు. పక్కకి జరిపేసింది. ఒక్క క్షణం హాలంతా చూసి, కళ్ళు మూసుకుని అందుకుంది. మొదటి చరణం పాతదే, వానలు వెనకబట్టాయి దాదా, దారి ఆరింది దాదా, హాయిగా ఉంది, ముందు వరసలో తలలు ఊగాయి. నేను లోపల వేడుకుంటున్నాను, అక్కడే ఆగిపోవే, అక్కడే తిప్పి తిప్పి పాడు, నీకు దండం పెడతాను. ఆగలేదు. దోర్నపాల్ సంతకి పోయావు బుధ్రా దాదా, గంప వచ్చింది నువ్వు రాలేదు. గోడల మధ్య ఉంటే గోడ కొట్టు, వింటాను. నీళ్ళలో ఉంటే చేపలతో చెప్పు. మట్టిలో ఉంటే ఏ చెట్టు కిందో చెప్పు దాదా, ఆ చెట్టు దగ్గరికి కల్లు తెస్తాను, రాయి తెస్తాను, నిన్ను పేరు పెట్టి పిలుస్తాను. గొంతు ఎక్కడా పగలలేదు. ఏడుపు లేదు, బియ్యంలో రాళ్ళేరినప్పుడు ఎట్లా పాడేదో అట్లాగే పాడుతోంది, ఒక్కొక్క మాటా ఏరి పక్కన పెడుతోంది. దాదా అన్నప్పుడల్లా పోలీసు సారు ముఖం చూస్తున్నాను. మొదటిసారి ఏమీ లేదు. మూడోసారో నాలుగోసారో ఆయన ఊగడం మానేశాడు. వెనక నిలబడ్డ గన్‌మన్ వైపు తిరిగాడు. గన్‌మన్ ఏదో చెప్పాడు, వాడు ఇక్కడివాడు, వాడికి దోర్లీ వచ్చేమో, ఎవరు చూడొచ్చారు. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సారు నా వైపు చూస్తున్నాడు. సత్యమూర్తిగారు కర్టెను పక్కన నిలబడి రెండు చేతులూ జోడించి ఉన్నాడు, దేవుడికో నాకో.

మైకు అందుకున్నాను. హిందీలో అన్నాను, ఇది వీళ్ళ వరికోతల పాట, ఇందులో ఒక స్త్రీ తన దాదాజీని, అంటే తాతగారిని తలుచుకుంటోంది. దాదా, నువ్వు వెళ్ళిపోయావు, నీ గుర్తుగా రాయి పెడతాను, కల్లు పోస్తాను, మమ్మల్ని చల్లగా చూడు అంటోంది. నా గొంతు ఎంత బాగా వచ్చిందో! స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు వచ్చింది. దాదా అన్నప్పుడల్లా లక్కే నా వైపు చూసి తలూపింది. ఆవిడకి హిందీ అంతంత మాత్రం, తన మాటే మైకులోంచి తిరిగి వినబడుతోంది, దాదా, దాదా అని, అన్నీ చెప్పేస్తున్నాను అనుకుంది. అవును, అదే, అదే చెప్పు అన్నట్టు తలూపింది. ఆ ఊపుడు చూడలేక బ్యానరు చూశాను. హాలు ఊపిరి పీల్చుకుంది. చప్పట్లు. పోలీసు సారు కుర్చీలో వెనక్కి వాలి తనూ కొట్టాడు, గట్టిగా, భార్య కళ్ళు ఒత్తుకుంది, వాళ్ళ తాతగారు గుర్తొచ్చారేమో. సత్యమూర్తిగారి చేతులు కిందికి దిగాయి. మా అన్నయ్య పక్కవాళ్ళతో మా చెల్లెలు, మా చెల్లెలు అంటున్నాడు. నాకు నా మీద అసహ్యం వేసింది, దాంతోపాటు, ఎందుకబద్ధం, ఒళ్ళంతా తేలికపడింది కూడా. గండం గడిచింది. లక్కే క్షేమంగా బస్సెక్కుతుంది.

లక్కే వంగి నా చెవిలో అడిగింది, "ఏందీ, చెయ్యి తట్టుతున్రు? ఏమన్నరు? యాడున్నడన్నరు?"

తర్వాత చెప్తాను అన్నాను. ఆవిడ నన్ను ఒకలాగా చూసింది. అనుమానం కాదు, నాకు సరిగ్గా వినబడలేదేమో అనుకున్న చూపు. అంతలో సన్మానం అన్నారు, శాలువా పళ్ళెంలో వచ్చింది, పోలీసు సారు స్టేజీ ఎక్కాడు, మెరూన్ రంగు శాలువా విప్పి ఆవిడ భుజాల మీద కప్పాడు. ఫొటోవాడు ఇటు చూడండి అంటున్నాడు. ఆవిడ ఇటు చూడలేదు. శాలువా పట్టుకున్న ఆయన చేతిని రెండు చేతులతోనూ పట్టుకుంది. వాళ్ళ వైపు ఎదురొచ్చిన మగమనిషిని ఎవర్నైనా మర్యాదకి ఏమని పిలుస్తారో అదే పిలిచింది.

"దాదా," అంది. నా చేతిలో మైకు ఆన్‌లో ఉంది, హాలంతా వినబడింది. "దాదా, మా దాదా ఏడీ?"

సారు మొదట ఉలిక్కిపడ్డాడు, తర్వాత ఫక్కున నవ్వాడు. "అరే, నేను దాదానా? భాగ్యవంతుణ్ణే గానీ, ఇంకా జుట్టు కూడా నెరవలేదు కదమ్మా!" అన్నాడు హిందీలో, మైకు వైపు వంగి మరీ. హాలు గొల్లుమంది. ఆయన భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, మా అన్నయ్య తొడ చరుచుకుని నవ్వాడు, వాలంటీరు పిల్లలు నవ్వారు, సత్యమూర్తిగారు కూడా భయం తీరి నవ్వాడు. ఇంతమంది నవ్వుతుంటే మధ్యలో లక్కే ఆయన చెయ్యి వదలకుండా నిలబడి ఉంది. నవ్వు తగ్గేదాకా ఆగి మళ్ళీ అడిగింది, మర్యాదగా, ఇంకొంచెం నెమ్మదిగా, భాష రానివాడికి చెప్పినట్టు. నవ్వులో ఆయనకి వినబడలేదు. "మేడమ్, యే క్యా బోల్ రహీ హై?" ఏమంటోంది ఈవిడ, అని నన్ను అడిగాడు, ఇంకా నవ్వుతూనే, ఇంకో జోకు కోసం. సత్యమూర్తిగారు అటునుంచి తల అడ్డంగా ఊపుతున్నాడు. రేపటి బస్సు, తోంగ్‌పాల్ రోడ్డు, అన్నీ నాకు కనబడుతూనే ఉన్నాయి. భయం ఒక్క వెంట్రుకవాసి తగ్గలేదు. అయినా ఆవిడ అడగడానికి వచ్చింది, అడిగేసింది, నేను మాత్రమే ఇంకా అడగలేదు.

"తాత కాదు సార్," అన్నాను. మైకులో నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "నేను తప్పు చెప్పాను. వీళ్ళ భాషలో దాదా అంటే అన్న. మిమ్మల్ని అన్నా అని పిలుస్తోంది. వాళ్ళ సొంత అన్న, పేరు బుధ్రా, దోర్నపాల్ సంత నుంచి ఎవరో బండిలో తీసుకుపోయారు, ఇంటికి రాలేదు. ఉన్నాడా, లేడా, రాయి పాతాలా, వద్దా, మీకు తెలిస్తే చెప్పమంటోంది. పాటంతా ఇదే సార్. వేరే ఏమీ లేదు."

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు, వెనక వరసల్లో కాసేపు నడిచి అప్పుడు ఆగింది. మా అన్నయ్య లేచి నిలబడ్డాడు. పోలీసు సారు తన చేతిని వెనక్కి తీసుకోబోయాడు, రాలేదు. నేను చెప్పిన హిందీలో లక్కేకి అర్థమైంది బుధ్రా అన్న పేరొక్కటే, అది విని అవునని ఆయన వైపు తలూపింది, ఊపి, ఇక జవాబు ఆయనే చెప్పాలి కాబట్టి, ఆయన నోటి వంక చూస్తూ నిలబడింది.